ఎవరి చేతుల మీద పెరిగిన బిడ్డ: రేనాటి ఇళ్ళలో పెంపకం, అనుబంధం

(స్మారకోపన్యాస పాఠం)

పసిబిడ్డకూ ఆ బిడ్డను సాకే మనిషికీ మధ్య తొలి ఏడాదిలో ముడిపడే బంధాన్ని మనస్తత్వ శాస్త్రం అనుబంధం అంటుంది. ప్రేమ అనే మాటకు ఉన్నంత విస్తృతి దీనికి లేదు. భయం వేసినప్పుడు, నొప్పి పుట్టినప్పుడు, అలసిపోయినప్పుడు బిడ్డ ఎవరి దగ్గరికి పోవాలనుకుంటుందో, ఎవరెత్తుకుంటే ఊరుకుంటుందో ఆ మనిషితో ఉన్న బంధమే అనుబంధం. ఆడించేవాళ్ళు, ముద్దుచేసేవాళ్ళు వేరే ఉండొచ్చు. కోయిలకుంట్ల బస్టాండులో పది నెలల బిడ్డను సంకనేసుకొని నిలబడ్డ తల్లి పక్కన ఎవరైనా చేతులు చాపి రమ్మంటే, ఆ బిడ్డ ఒక్క క్షణం తేరిపార చూసి, గిరుక్కున తిరిగి తల్లి భుజంలో మొహం దాచుకుంటుంది. కాసేపటికి ఒక కన్ను మెల్లగా బయటపెట్టి మళ్ళీ చూస్తుంది. దాగడానికి చోటుంది కాబట్టే చూడడానికి ధైర్యం వస్తుంది. అనుబంధానికి ఉన్న రెండు పనులూ అక్కడే కనిపిస్తాయి: ఆపదలో ఆశ్రయం ఇవ్వడం, లోకాన్ని చూడబోయే బిడ్డకు వెనక ఒక అండగా నిలవడం.

తల్లి గొంతునూ వాసననూ పుట్టిన కొద్దిరోజులకే గుర్తుపట్టినా, నాలుగైదు నెలల దాకా బిడ్డ ఎవరెత్తుకున్నా పోతుంది. ఆరేడు నెలలకు లెక్క మారుతుంది. కొత్త మొహానికి బెదురు, అమ్మ కళ్ళముందు నుంచి లేస్తే ఏడుపు. ‘నిన్నమొన్నటిదాకా అందరి దగ్గరికీ పోయేది, ఇప్పుడేమో సంక దిగనంటోంది’ అని ఇంట్లో విసుక్కునే వయసు ఇదే. ఇందులో చెడ్డ అలవాటేమీ లేదు. బిడ్డ మనసులో మనుషులు వేరువేరుగా నిలబడ్డారనడానికి అది గుర్తు. రెండేళ్ళ దాకా ఈ పట్టు గట్టిగా ఉంటుంది. మూడేళ్ళు దాటి, మాటలు బాగా వచ్చాక ‘మాపటికి వస్తా’ అంటే అర్థమవుతుంది. కనబడని అమ్మను మనసులో నిలుపుకోగలిగిన బిడ్డ కొంతసేపు ఓర్చుకుంటుంది.

ఈ విషయాన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907–1990). యుద్ధానంతర యూరప్‌లో ఇల్లూవాకిలీ లేకుండా మిగిలిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆయన రాసిన నివేదిక 1951లో వెలువడింది. అనుబంధం మీద ఆయన మూడు సంపుటాల గ్రంథంలో మొదటిది 1969లో వచ్చింది. అప్పటిదాకా పండితుల్లో ఎక్కువమంది, పాలిస్తుంది కాబట్టే బిడ్డ తల్లిని పట్టుకుంటుందని నమ్మేవారు. 1958లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో ప్రచురించిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. తల్లుల నుంచి విడదీసిన కోతిపిల్లలకు ఆయన రెండు బొమ్మ తల్లులను పెట్టాడు: ఒకటి పాలసీసా తగిలించిన ఇనుప తీగల బొమ్మ, రెండోది మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మ. పిల్లలు పాలకు మాత్రం తీగల బొమ్మ దగ్గరికి వెళ్ళి, మిగిలిన పొద్దంతా గుడ్డబొమ్మను కరుచుకొనే ఉన్నాయి. బెదిరిస్తే దాని దగ్గరికే పరుగెత్తాయి. ఆ కోతిపిల్లలు పడిన యాతన తలుచుకుంటే ఆ ప్రయోగాన్ని మెచ్చుకోవడానికి నోరు రాదు, కానీ అది తేల్చిన సంగతి కాదనలేనిది.

బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ మరింత మెత్తటి మార్గంలో అదే సత్యాన్ని చూపాడు. ఆసుపత్రిలో ఎనిమిది రోజులు తల్లి తోడు లేకుండా ఉన్న రెండేళ్ళ పాప మీద 1952లో ఆయన ఒక చిన్న సినిమా తీశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆసుపత్రులు పిల్లల దగ్గర తల్లిని ఉండనిచ్చేవి కావు. విడిపోయిన పిల్లలు మొదట గోల చేస్తారు, తర్వాత కుంగిపోతారు, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు అయిపోతారు. ఆ మూడో దశ చూసి నర్సులు బిడ్డ అలవాటుపడిందని సంతోషించేవారు. రాబర్ట్‌సన్ మాత్రం అదే అన్నిటికంటే ప్రమాదమని గుర్తించాడు. మన సర్కారు ఆసుపత్రుల్లో ఎన్ని కొరతలున్నా బిడ్డ మంచం మీద తల్లి, మంచం కింద చాప మీద అవ్వ ఉంటారు. ఇంగ్లండ్ ఎంతో వాదించి 1959 తర్వాత నేర్చుకున్న పాఠం ఇక్కడ ఎవరూ చెప్పకుండానే అమలులో ఉంది.

అనుబంధంలో తేడాలను కొలిచే పద్ధతి మేరీ ఐన్స్‌వర్త్ (1913–1999) కనిపెట్టింది. ఆమె తొలి పరిశోధన జరిగింది పాశ్చాత్య దేశంలో కాదు, ఉగాండాలో. 1954–55లో కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో 26 కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి, తల్లీబిడ్డలను నెలల తరబడి గమనించింది. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో రూపొందించిన పరీక్ష సుమారు 20 నిమిషాలది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న బిడ్డ, తల్లి ఒక కొత్త గదిలో కూర్చుంటారు. ఒక అపరిచితురాలు వస్తుంది. తల్లి లేచి వెళుతుంది, తిరిగి వస్తుంది, మళ్ళీ వెళుతుంది, మళ్ళీ వస్తుంది. చూడవలసింది తల్లి వెళ్ళినప్పటి ఏడుపు కంటే, తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేసిందన్నది. పరుగున వచ్చి ఎత్తుకోమని అడిగి, కాసేపటికి కుదుటపడి బొమ్మల దగ్గరికి పోయే బిడ్డది భద్రమైన అనుబంధం. బాల్టిమోర్‌లో మూడింట రెండొంతుల మంది ఈ రకమే. తల్లి వచ్చినా తలెత్తకుండా ఆడుకుంటూ పోయేది తప్పుకునే రకం. ఎత్తుకోమని ఏడ్చి, ఎత్తుకుంటే తన్ని, ఎంతకీ ఊరుకోనిది సందిగ్ధమైన రకం. ఈ మూడింటిలో ఏదీ కాక, తల్లి వైపు వస్తూ వస్తూ ఉన్నచోటే గడ్డకట్టినట్టు నిలబడిపోయే బిడ్డలను మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ 1980ల్లో అస్తవ్యస్తమైన నాలుగో రకంగా గుర్తించారు.

తప్పుకునే రెండో రకం గురించి ఇక్కడ కాస్త ఆగాలి. ఏడవని బిడ్డను, అడగని బిడ్డను, ఎవరితో వదిలినా ఉండే బిడ్డను మన ఇళ్ళలో బుద్ధిమంతురాలని మెచ్చుకుంటారు. చాలామంది నిజంగానే నెమ్మదైన స్వభావం వాళ్ళు. కానీ 1993లో స్పాంగ్లర్, గ్రాస్‌మాన్ అనే జర్మన్ పరిశోధకులు ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ పిల్లల గుండె వేగాన్ని కొలిచారు. తల్లిని పట్టించుకోనట్టు కనిపించిన బిడ్డల గుండె కూడా ఏడ్చిన బిడ్డల గుండెలాగే వేగంగా కొట్టుకుంది. ఏడిస్తే లాభం లేదని ఏడాది వయసుకే తెలిసిపోయిన బిడ్డ తన బాధను దాచుకుంటుంది. బాధ మాత్రం పోదు.

ఐన్స్‌వర్త్ పరీక్షను ఉన్నదున్నట్టు తెచ్చి రేనాటి బిడ్డ మీద పెట్టడం న్యాయం కాదు. జపాన్‌లో సప్పోరో నగరపు బిడ్డలకు పెట్టినప్పుడు తప్పుకునే రకం కనబడలేదు, సందిగ్ధమైన రకం ఎక్కువగా కనబడింది. కారణం వెతికితే, ఆ బిడ్డలను తల్లులు పరాయివాళ్ళతో వదలడం చాలా అరుదు. మూడు నిమిషాల ఎడబాటే వాళ్ళకు పెద్ద గండం. జర్మనీలో చిన్ననాడే తన కాళ్ళ మీద తాను నిలబడాలని నేర్పే బీలెఫెల్డ్ ఇళ్ళలో తప్పుకునే రకం ఎక్కువగా తేలింది. 1988లో వాన్ ఐజెన్‌డూర్న్, క్రూనెన్‌బర్గ్ 8 దేశాల్లో జరిగిన సుమారు 2,000 పరీక్షల ఫలితాలను కలిపి చూశారు. ప్రతి దేశంలోనూ భద్రమైన అనుబంధమే ఎక్కువ. దేశానికీ దేశానికీ ఉన్న తేడా కంటే ఒకే దేశంలో ఒక చోటికీ మరో చోటికీ ఉన్న తేడా పెద్దది. కాబట్టి బిడ్డ అవసరం లోకమంతటా ఒకటే. అది తీరే తీరు మాత్రం ఇంటిని బట్టి, ఊరిని బట్టి మారుతుంది.

కుందూ నది ఒడ్డున, నల్లరేగడి మీద జొన్న, శనగ, పత్తి పండించే ఈ రేనాటి పల్లెల్లో బిడ్డ ఒక్క మనిషి చేతుల మీద పెరగడం అరుదు. తొలికాన్పు పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా బిడ్డ అవ్వ చేతుల్లో ఉంటుంది. ఆమె పీట మీద కూర్చొని కాళ్ళు చాపుకొని, బిడ్డను పిక్కల మీద బోర్లా పడుకోబెట్టి, ఒళ్ళంతా నూనె పట్టించి, శనగపిండితో రుద్ది, చెంబుతో వేణ్ణీళ్ళు పోస్తుంది. మొహం మీదికి నీళ్ళు జారకుండా ఎడమచెయ్యి నుదుటి దగ్గర అడ్డం ఉంటుంది. ఒక చెంబు పోసి, బిడ్డ గుక్క తిప్పుకునేదాకా ఆగి, మొహంలోకి చూసి, ఏదో ఒక మాట అని అప్పుడు రెండో చెంబు పోసే చెయ్యి ఒకటుంటుంది. ఏడుస్తున్నా ఆగకుండా పనయిపోవాలని గబగబా పోసే చెయ్యి మరొకటుంటుంది. నీళ్ళు అవే, నూనె అదే. ఐన్స్‌వర్త్ భద్రతకు మూలమని చెప్పిన గుణం ఈ ఆగడంలో ఉంది: బిడ్డ ఇచ్చే సైగను గమనించడం, దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడం, ఆలస్యం లేకుండా తగినట్టు బదులివ్వడం. ఆమె దీన్ని సున్నితత్వం అంది. డొనాల్డ్ విన్నికాట్ అనే బ్రిటిష్ వైద్యుడు దీనికి ఒక ఊరట జోడించాడు. నూటికి నూరుసార్లు సరిగ్గా బదులిచ్చే తల్లి లోకంలో లేదు, ఉండనక్కర్లేదు. తల్లి చాలినంత మంచిదైతే బిడ్డకు చాలు.

బిడ్డతో తల్లి అత్తవారింటికి చేరాక చేతులు మారతాయి. తల్లి చేనికి పోతే జేజి (నాయనమ్మ) దగ్గర. జేజి మేకల వెనక పోతే ఎనిమిదేళ్ళ అక్క సంకన. చిన్నమ్మ, పెద్దమ్మ, పొరుగింటి అత్త. పుట్టువెంట్రుకలు తీయించడానికీ చెవులు కుట్టించడానికీ మేనమామ ఒడి. బౌల్బీ తన తొలి రాతల్లో బిడ్డ మనసు ప్రధానంగా ఒక్క మనిషి మీదే నిలుస్తుందని అన్నాడు. ఉమ్మడి ఇంటి బిడ్డను చూసిన పండితులు దీని మీద ఒక్క మాట మీద లేరు. సుధీర్ కక్కర్ 1978లో భారతీయ శైశవం మీద రాసిన పుస్తకంలో తల్లికీ బిడ్డకూ మధ్య ఉన్న గాఢమైన, దీర్ఘమైన సాన్నిహిత్యాన్ని వర్ణించాడు. స్టాన్లీ కర్ట్జ్ 1992లో దానికి అడ్డుచెప్పి, ఉమ్మడి ఇంట్లో బిడ్డ ఒక తల్లి నుంచి అనేకమంది తల్లుల గుంపులోకి మెల్లగా జారుతుందన్నాడు. రేనాటి ఇళ్ళను చూస్తే ఇద్దరి మాటలోనూ సగం నిజం కనిపిస్తుంది.

ఎన్ని చేతులు అనే ప్రశ్నకు మంచి జవాబు ఇజ్రాయెల్ నుంచి వచ్చింది. అక్కడి కిబుట్జ్ సమష్టి గ్రామాల్లో పిల్లలను పగలంతా శిశుగృహాల్లో ఆయాలు చూసేవారు. కొన్ని గ్రామాల్లో పిల్లలు రాత్రి కూడా అక్కడే పడుకునేవారు. కొన్నిటిలో రాత్రికి ఇంటికి వచ్చేవారు. 1994లో ఆవీ సాగీ బృందం రెండు రకాల పిల్లలనూ పోల్చింది. ఇంటికి వచ్చి పడుకునే పిల్లల్లో 80 శాతం మందికి తల్లితో భద్రమైన అనుబంధం ఉంటే, రాత్రి కూడా శిశుగృహంలోనే ఉండే పిల్లల్లో 48 శాతం మందికే ఉంది. పగలు పదిమంది చూడడం బిడ్డకు కీడు చేయలేదు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు తెలిసిన మనిషి రాకపోవడం చేసింది. రొమేనియా అనాథాశ్రమాల్లో మరీ ఘోరం. అక్కడ ఉన్న చేతులే తక్కువ, పైగా డ్యూటీ మారినప్పుడల్లా చెయ్యి మారేది, ఏదీ బిడ్డది కాదు. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో 136 మంది పిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిన పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్ళ లోపు ఇల్లు దొరికిన పిల్లల్లో అనుబంధం బాగా కోలుకుంది. ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమైంది.

పైవాటిని పక్కపక్కన పెట్టుకుంటే రేనాటి ఉమ్మడి ఇంటి బలమేదో తెలుస్తుంది. జేజి, అవ్వ, పెద్దమ్మ రోజుకొకరు మారే మనుషులు కారు. పదేళ్ళ తర్వాత కూడా అదే అరుగు మీద ఉంటారు. బిడ్డ వాళ్ళలో ఇద్దరినో ముగ్గురినో తనవాళ్ళుగా ఎంచుకుంటుంది, ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఇంకొకరి దగ్గరికి పోతుంది. బౌల్బీ కూడా తర్వాతి కాలంలో ఇలాంటి చిన్న వరుసను ఒప్పుకున్నాడు. నంద్యాలలో రెండు గదుల అద్దె ఇంట్లో ఒంటరిగా బిడ్డను పెంచే తల్లికి ఆ వరుస లేదు. ఆమె అలసటకు విరామం లేదు, ఆమె విసుగుకు సాక్షి లేదు. అనుబంధ సిద్ధాంతం పేరు చెప్పి బరువంతా తల్లి నెత్తిన పెట్టేవాళ్ళు ఈ ఒంటరితనాన్ని చూడడం లేదు.

అయితే ఉమ్మడి ఇంటిని పొగడడంతో పని తీరదు. కుటుంబంలో ఏ ఇద్దరి బంధమూ విడిగా ఉండదు; తల్లీబిడ్డల బంధం మీద అత్తాకోడళ్ళ బంధం నీడ పడుతుంది, భార్యాభర్తల బంధం నీడ పడుతుంది. అమెరికన్ కుటుంబ చికిత్సకుడు ముర్రే బోవెన్ త్రికోణమని చెప్పిన పరిస్థితి ఇక్కడ అందరికీ తెలిసిందే: ఇద్దరు పెద్దలు మాట్లాడుకోరు, మధ్యలో బిడ్డ కబుర్లు మోస్తుంది. ‘మీ నాయనకు చెప్పు, కూడు పెట్టినానని’ అంటే ఆరేళ్ళ పిల్ల గడప దాటి వెళ్ళి చెప్పి వస్తుంది. రోజులు గడిస్తే ఎవరి పక్షాన ఉండాలో తేల్చుకోవలసిన భారం ఆ పిల్లమీద పడుతుంది. ఇంకో సంగతి తండ్రిది. పాతకాలపు ఉమ్మడి ఇళ్ళలో పెద్దల ముందు వయసులో ఉన్న తండ్రి తన బిడ్డను తాను ఎత్తుకోవడం నామోషీగా ఉండేది. అన్న బిడ్డను ఎత్తుకోవచ్చు, సొంత బిడ్డను కాదు. ఈ తరం తండ్రులు బిడ్డను బండి ముందు కూర్చోబెట్టుకొని తిప్పుతున్నారు. ఇటీవలి మార్పుల్లో ఇంతగా సంతోషించదగ్గది మరొకటి లేదు.

మేనరికం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ సుమారు నాలుగోవంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. అత్త మేనత్తే అయితే కొత్త కోడలికి ఆ ఇల్లు చిన్ననాటి నుంచి తెలిసిన ఇల్లు. కాన్పు తర్వాత బిడ్డ ఒక అవ్వ చేతుల్లోంచి ఇంకో పరిచయమైన చేతుల్లోకి పోతుంది. ఆ నిబ్బరం విలువైనదే. పుట్టే బిడ్డలకు వంశపారంపర్య వ్యాధుల ముప్పు పెరగడం, అమ్మాయికి ‘ఇష్టం లేదు’ అనే వీలు లేకపోవడం ఆ నిబ్బరానికి చెల్లించే ధర. ఆ ధర ఎక్కువ.

భయం సంగతి విడిగా చెప్పుకోవాలి. నాలుగో రకం అనుబంధానికి కారణం వెతుకుతూ మేరీ మెయిన్, ఎరిక్ హెస్ 1990లో ఒక మాట చెప్పారు: ఆశ్రయం ఇవ్వవలసిన మనిషే భయపెడితే, లేదా ఆ మనిషే ఎప్పుడూ భయంలో ఉంటే, బిడ్డకు పోవడానికి దిక్కుండదు. తాగి వచ్చి కొట్టే తండ్రి ఉన్న ఇల్లు మొదటిదానికి ఉదాహరణ. రెండోదానికి సీమ చరిత్రలోనే ఉదాహరణ ఉంది. ఫ్యాక్షన్ రగిలిన రోజుల్లో మగవాళ్ళు ఇంట పడుకోని పల్లెలుండేవి. చీకటి పడితే తలుపులు బిగించి, కుక్క మొరిగితే ఊపిరి బిగపట్టే తల్లి ఒడిలో బిడ్డ ఏం నేర్చుకుంటుంది? ఎవరూ చెయ్యెత్తకపోయినా ఆ ఒళ్ళు బిగుసుకోవడం బిడ్డ ఒంటికి తెలుస్తుంది. హత్యల లెక్కలు పోలీసు రికార్డుల్లో ఉన్నాయి, ఈ లెక్క ఎక్కడా లేదు.

పెంపక శైలుల చర్చ అనుబంధం చర్చకు పక్కనే వేరే దారిలో నడిచింది. కాలిఫోర్నియాలో డయానా బౌమ్‌రిండ్ (1927–2018) 1966 నుంచి రాసిన వ్యాసాల్లో మూడు శైలులు చెప్పింది. 1983లో ఎలియనార్ మకాబీ, జాన్ మార్టిన్ వాటిని రెండు ప్రశ్నల మీద నిలబెట్టి నాలుగు చేశారు: తల్లిదండ్రులు బిడ్డ మనసుకు ఎంత స్పందిస్తారు, బిడ్డ నుంచి ఎంత ఆశించి గట్టిగా అడుగుతారు? స్పందన లేకుండా ఆజ్ఞలే ఉంటే నిరంకుశ పెంపకం. రెండూ ఉండి, కారణం చెప్పి, బిడ్డ మాట విని, గీత మాత్రం చెరపకపోతే ప్రజాస్వామిక పెంపకం. ముద్దే తప్ప అడ్డు లేకపోతే గారాబం. రెండూ లేకపోతే నిర్లక్ష్యం. మన ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల్లో ఈ నాలుగూ పరీక్షకు బట్టీపట్టే పట్టికగా మారాయి. పట్టికలో కనబడనిదేమిటంటే, రేనాటి ఇంట్లో వేరువేరు శైలులు ఒకే బిడ్డకు ఒకే రోజు ఎదురవుతాయి. నాయన ఆజ్ఞ, జేజి గారాబం, అమ్మ సర్దుబాటు. నాయన కొడితే పోయి దాక్కోవడానికి జేజి కొంగుంటే ఆ దెబ్బ బిడ్డ మనసులో మిగిలే తీరు వేరు.

గట్టితనాన్నంతా నిరంకుశమని తేల్చడం కూడా పొరపాటే. చైనా మూలాలున్న కుటుంబాల మీద 1994లో రూత్ చావ్ రాసిన వ్యాసం ఈ విషయాన్ని స్పష్టం చేసింది: అక్కడి పిల్లలకు తల్లి కఠినంగా ఉండడమంటే తమ బాగు కోరి శ్రమపడడమే. తెలుగు పిల్లలకూ ఇది కొత్త కాదు. అయితే తిట్టే నోటికీ కొట్టే చేతికీ మధ్య గీత ఉంది, అది చెరిగిపోయింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన యంగ్ లైవ్స్ పరిశోధన కడప, అనంతపురం సహా ఏడు జిల్లాల్లో 3,000 మంది పిల్లలను ఏళ్ళ తరబడి వెంబడించింది. అందులో ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో మూడింట రెండొంతులకు పైగా, అంతకు ముందు వారంలోనే బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దాన్ని నిషేధించింది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటూ ఇంట్లో తల్లిదండ్రులే పంతులికి బెత్తం అప్పగించే అలవాటును మాత్రం ఏ సెక్షనూ తాకలేదు.

కొట్టే చెయ్యి ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే కోపం కొంత దుఃఖంగా మారుతుంది. 1980ల్లో అమెరికా అయోవా రాష్ట్రంలో పొలాల ధరలు కుప్పకూలి రైతులు అప్పుల పాలయ్యారు. రాండ్ కాంగర్, గ్లెన్ ఎల్డర్ 1989 నుంచి అక్కడి 451 గ్రామీణ కుటుంబాలను గమనించారు. కష్టం నేరుగా పిల్లల మీద పడలేదు. ముందు తల్లిదండ్రుల మనసు కుంగింది, తర్వాత భార్యాభర్తలు ఎడమొహం పెడమొహం అయ్యారు, ఆ తర్వాత పిల్లల మీద కసురు, దెబ్బ. పత్తి దెబ్బతిన్న ఏడాది, శనగ ధర పడిపోయిన ఏడాది, వడ్డీ లెక్క చూసుకున్న రాత్రి ఈ జిల్లా ఇళ్ళలో ఏం జరుగుతుందో తెలిసినవారికి ఆ అమెరికా పరిశోధన పరాయిదిగా అనిపించదు. పెంపకం గురించి తల్లిదండ్రులకు క్లాసులు పెట్టేవారు ముందు పంట ధర గురించి మాట్లాడాలి.

నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల చుట్టుపట్ల సీడు పత్తి చేలు ఇంకో చిక్కు ప్రశ్న వేస్తాయి. హైబ్రిడ్ విత్తనం కోసం రేపు విచ్చబోయే మొగ్గ నుంచి సాయంత్రమే పుప్పొడి తిత్తులను గోటితో వలిచేయాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దాని మీద అద్దాలి. రెండు మూడు నెలల పాటు రోజూ ఇదే. 2000కు అటూఇటూ ఈ క్రాసింగ్ పనికి పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలనే ఎక్కువగా పెట్టుకున్నారు. బాలకార్మిక వ్యతిరేక ఉద్యమాలు గట్టిగా నడిచాక అది తగ్గింది. మహబూబ్‌నగర్ జిల్లాలో ఇదే పని చేసిన పిల్లలతో వర్జీనియా మారో, తిరుపతి మహిళా విశ్వవిద్యాలయపు ఉమా వెన్నం మాట్లాడి రాసిన పరిశోధన, తల్లిదండ్రుల అజ్ఞానం అనే సులువైన వివరణను ఒప్పుకోలేదు. బౌమ్‌రిండ్ లెక్కలో ఇది బిడ్డ నుంచి అతిగా ఆశించడం. ఇంటి లెక్కలో అది బతుకు. ఇంటికి తాను అక్కరకొస్తున్నానన్న గర్వం, బడి పోతోందన్న దిగులు ఒకే పిల్లలో ఉంటాయి. ఇంటి పనిలో చెయ్యి వేయడం పిల్లలను మనుషుల్ని చేస్తుంది. పంట కాలమంతా బడి మాన్పించే పని వాళ్ళ బాల్యాన్ని మింగుతుంది. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని సమర్థించడం తగదు.

ఎడబాటు ఈ ప్రాంతపు పిల్లలకు మరో రెండు రూపాల్లో వస్తుంది. ఒకటి హాస్టల్. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య, 1986 నాటి నవోదయ విద్యాలయాలు, 2004 నాటి కస్తూర్బా బాలికా విద్యాలయాలు పేదింటి పిల్లలకు తెరిచిన తలుపులు సామాన్యమైనవి కావు. వాటి మేలును తక్కువ చేయకుండానే, పదీ పదకొండేళ్ళ బిడ్డ ట్రంకుపెట్టెతో ఇల్లు దాటుతోందని గుర్తుంచుకోవాలి. ఆ వయసులో ఎడబాటును ఓర్చుకునే శక్తి ఉంటుంది, అమ్మానాయన వస్తామన్న ఆదివారం వస్తే. అక్కడ రాత్రిపూట జ్వరం చూసే ఒక్క స్థిరమైన పెద్దమనిషి ఉంటే. ర్యాంకుల కోసం నడిచే కాలేజీ హాస్టళ్ళలో ఈ రెండూ కరువు. పిల్లవాడు ఫోన్‌లో ఏడిస్తే ‘అలవాటవుతుందిలే’ అంటారు. ఏడుపు ఆగాక ఊపిరి పీల్చుకుంటారు. రాబర్ట్‌సన్ చెప్పిన మూడో దశ అక్కడ గుర్తుకు రావాలి.

రెండోది కువైట్. పొరుగున ఉన్న కడప, రాయచోటి పల్లెల నుంచి ఎందరో తల్లులు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళారు. పరాయి బిడ్డలను సాకిన కూలితో సొంత బిడ్డలను అవ్వల దగ్గర పెంచుకున్నారు. రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చిన తల్లి చేతుల్లోకి పోకుండా అవ్వ వెనక దాక్కునే బిడ్డను చూసి ఆ తల్లి గుండె పగులుతుంది. బిడ్డకు ప్రేమ లేక కాదు. దాగడానికి ఒక చోటు ఉండడం బిడ్డ బాగుందనడానికే గుర్తు. ఆ చోటు ప్రస్తుతానికి అవ్వ. అవ్వను పక్కకు లాగకుండా, అవ్వ పక్కనే కూర్చొని నెమ్మదిగా దగ్గరైతే తల్లికి కూడా ఆ వరుసలో చోటు వస్తుంది. ఎడబాటుకు ముందు బిడ్డను ఏమార్చి దొడ్డిదారిన పోవడం మాత్రం మానుకోవాలి. అలా పోతే ఆ పూట ఏడుపు తప్పుతుంది, కానీ మర్నాటి నుంచి బిడ్డ తల్లి కొంగు వదలదు, ఎప్పుడు మాయమవుతుందోనని. ఏడిపించి అయినా చెప్పి వెళ్ళిన తల్లి మాట మీద బిడ్డకు నమ్మకం నిలుస్తుంది.

చిన్ననాటి బంధం పెద్దయ్యాక ఏమవుతుంది? తనను ఆదుకుంటారా, తాను ఆదుకోదగ్గ మనిషేనా అన్న రెండు ప్రశ్నలకు బిడ్డ లోపల ఒక జవాబు తయారవుతుందని బౌల్బీ చెప్పాడు. 1987లో హేజన్, షేవర్ ఆ జవాబును పెద్దవాళ్ళ ప్రేమబంధాల్లో వెతికారు. మిన్నెసోటాలో 1970ల మధ్యలో పేద తల్లుల బిడ్డలతో మొదలైన దీర్ఘకాలిక పరిశోధన పసితనపు భద్రతకూ బడిలో స్నేహాలకూ సంబంధం చూపింది. అదే పరిశోధన దారి మళ్ళిన జీవితాలనూ చూపింది. ఒక మంచి టీచరు, ఒక మేనమామ, ఓపికున్న భార్య లేదా భర్త ఆ జవాబును తిరగరాయగలరు. తమ బాల్యపు దుఃఖాన్ని దాచకుండా, దాంట్లో మునగకుండా, పొందిగ్గా చెప్పుకోగలిగిన తల్లిదండ్రుల బిడ్డల్లో భద్రమైన అనుబంధం ఎక్కువని మేరీ మెయిన్ బృందం 1980ల్లో చేసిన ఇంటర్వ్యూలు తెలిపాయి. దెబ్బలు తిని పెరిగినవాళ్ళంతా కొడతారన్నది అబద్ధం.

వయసు చివరలో వరుస తిరగబడుతుంది. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో స్థిరపడిన బిడ్డల ఫోన్ కోసం ఎదురుచూసేది ఇప్పుడు జేజి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం నెలకు డబ్బు ఇప్పించగలదు. రాత్రి ఆయాసం వస్తే పక్క మంచం మీద ఎవరుంటారన్నది ఆ చట్టం పరిధిలో లేదు.

సాకే చేతులకు సాయం చేయడం వీలయ్యే పనే. 2003లో బేకర్‌మన్స్-క్రానెన్‌బర్గ్ బృందం 70 పరిశోధనలను కలిపి చూసి, తల్లుల సున్నితత్వాన్ని పెంచే ప్రయత్నాల్లో పొడవైన కార్యక్రమాల కంటే, బిడ్డ సైగలను గమనించడం మీదే దృష్టి పెట్టిన చిన్న కార్యక్రమాలే బాగా పనిచేశాయని తేల్చింది. 1975 అక్టోబర్ 2న మొదలైన శిశు సేవల పథకం ఐసీడీఎస్ వల్ల దాదాపు ప్రతి పల్లెకూ అంగన్‌వాడీ ఉంది, ఇల్లిల్లూ తిరిగే కార్యకర్త ఉంది. ఆమె రిజిస్టరులో బిడ్డ బరువుకు గడి ఉంది, టీకాకు గడి ఉంది. తల్లి నిద్రపోతోందా, ఆమెకు ఇంట్లో తోడెవరు అనే ప్రశ్నలు కూడా అక్కడ చేరాలి. 2017 ప్రసూతి సెలవు సవరణ చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశుగృహం ఉండాలంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి పని దగ్గరికి వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసింది. పత్తి చేలో, మిరప చేలో రోజుకూలికి పోయే తల్లికి ఈ రెండు చట్టాల నీడా అందలేదు. ఆమె బిడ్డ గట్టు మీద వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో ఉంటుంది, ఊపేది ఆరేళ్ళ అక్క. ఆ అక్క బడికి పోవాలంటే ఆ గట్టు మీదికి కూలి తీసుకునే ఒక పెద్ద చెయ్యి రావాలి.